పాలు తాగాకే పీక: తల్లిపాలు తాగే పసిబిడ్డకు పాసిఫయర్ వాడే పద్ధతి

పాసిఫయర్ అనండి, తేనెపీక అనండి, ఉత్త పీక అనండి, దాన్ని పసిబిడ్డకు ఇవ్వొచ్చా అని అడిగితే ఒకరు ఇస్తే ఏం పోయిందంటారు, ఇంకొకరు ఇంట్లోకే రానివ్వొద్దంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. తల్లిపాలు తాగే బిడ్డకు దానివల్ల మేలా కీడా అన్నది ఏ వేళకు ఇచ్చారన్న దాన్ని బట్టి తేలుతుంది. పాలు తాగి కడుపు నిండిన బిడ్డ నోట్లో పీక పెడితే పెద్దగా నష్టం లేదు. పాల కోసం వెతుక్కుంటున్న బిడ్డ నోట్లో పెడితే ఆ పూట పాలు పోతాయి, నాలుగు రోజుల్లో తల్లికి పాలు తగ్గడం మొదలవుతుంది. కింద చెప్పే పద్ధతంతా ఈ ఒక్క లెక్క మీద నడుస్తుంది.

మొదటి వారాల్లో ఎందుకు ఆగమంటారు

కాన్పయిన రెండో రోజుకూ ఐదో రోజుకూ మధ్య సాధారణంగా తల్లికి పాలు పడతాయి. ఆ పడటం వరకు హార్మోన్లు చూసుకుంటాయి. ఆపైన ఎన్ని పాలు ఊరాలన్నది రొమ్ము ఎంత తరచుగా, ఎంత బాగా ఖాళీ అవుతోందో దాన్ని బట్టే ఉంటుంది. పాలు లోపల నిలిచిపోతే ఊరడం నెమ్మదిస్తుంది, ఖాళీ అయితే వేగం అందుకుంటుంది. మొదటి నెలలో బిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగాలనడం అందుకే. ఇంకా రెండు గంటలైనా కాలేదు, అప్పుడే ఆకలేమిటి అనిపించే ఆ తాగుడే రాబోయే నెలల పాలను నిర్ణయిస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. పాల కోసం కదిలిన బిడ్డను పీకతో 25 నిమిషాలు ఊరుకోబెట్టారనుకుందాం. రోజుకు ఐదుసార్లు అలా జరిగితే రెండు గంటలు దాటిపోయాయి, అంటే దాదాపు ఒక పూట పాలు. వారానికి ఏడు పూటలు. పాలు మాన్పించామని ఇంట్లో ఎవరికీ అనిపించదు, కాటా మీద మాత్రం తేడా తెలుస్తుంది. చీకి చీకి అలిసిపోయి నిద్రలోకి జారుకునే బిడ్డలతో ఇంకా చిక్కు. నోట్లో ఏదో ఉంది కాబట్టి ఏడవరు, ఏడవలేదు కాబట్టి ఆకలి లేదని పెద్దవాళ్లు అనుకుంటారు.

రెండో కారణం నోటి పట్టు. రొమ్ము పట్టినప్పుడు బిడ్డ నోరు పెద్దగా తెరుచుకుంటుంది, చనుమొనతో పాటు దాని చుట్టూ ఉన్న నల్లని వలయంలో కొంత భాగం కూడా లోపలికి పోతుంది, నాలుక కింది చిగురు మీదుగా ముందుకు వచ్చి రొమ్మును కింద నుంచి అదుముతుంది, చనుమొన కొస అంగిలి వెనక మెత్తటి చోటుకు దగ్గరగా చేరుతుంది. పీకకు ఇదేమీ అక్కర్లేదు. పెదాలు దగ్గరగా పెట్టి, సన్నటి మెడ భాగాన్ని చిగుళ్లతో పట్టి చప్పరిస్తే చాలు. రొమ్ము పట్టడం ఇంకా నేర్చుకుంటున్న బిడ్డ ఈ చిన్న నోటితోనే రొమ్ము దగ్గరికీ వస్తే చనుమొన కొస ఒక్కటే నోట్లోకి పోతుంది. తల్లికి నొప్పి, పుండు. బిడ్డకు పాలు చాలవు. అందరు బిడ్డలూ ఇలా తికమక పడరు. పట్టు కుదిరిన బిడ్డలు రెంటినీ తేలిగ్గా వేరుచేసుకుంటారు.

ఈ విషయంలో వైద్యసంస్థల మాట కూడా కాలంతో మారింది. 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి తల్లిపాలు సాఫీగా సాగడానికి తెచ్చిన పది సూత్రాల్లో తొమ్మిదోది తల్లిపాలు తాగే పిల్లలకు పీకలు అసలు ఇవ్వొద్దంది. 2018లో సవరించినప్పుడు అది, పాలసీసాలు, పీకల వాడకం గురించీ వాటితో ఉండే ఇబ్బందుల గురించీ తల్లులకు వివరించి చెప్పాలి అని మారింది. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డల మీద, తల్లిపాలే ఇవ్వాలని గట్టిగా అనుకున్న తల్లులతో జరిగిన ప్రయోగాలను కలిపి కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ చేసిన సమీక్షలో, నాలుగు నెలల వరకు తల్లిపాల వాడకంలో పీకవల్ల చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అది చదివి పీకతో ఏ ఇబ్బందీ లేదని ధైర్యపడే ముందు, గట్టిగా అనుకున్న తల్లులు అన్న మాట మరోసారి చూడాలి. వాళ్లు పీక ఉన్నా పాలు మానలేదు.

ఎప్పుడు మొదలుపెట్టొచ్చు

మూడు నాలుగు వారాలు నిండాక అని అందరూ చెప్పే మాట సుమారు లెక్క. కొందరికి మూడో వారానికే అన్నీ కుదురుకుంటాయి, కొందరికి ఆరు వారాలు పడుతుంది. క్యాలెండర్ కంటే ఈ మూడు గుర్తులు నమ్మదగినవి. అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం కూడా తల్లిపాలు కుదురుకోవడమంటే ఇవే అని చెబుతుంది: తల్లికి చాలినన్ని పాలు, నొప్పి లేని గట్టి పట్టు, తగినంత బరువు.

బరువు ముందు చూద్దాం. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ కొంత తగ్గడం మామూలే. 10 శాతం వరకు తగ్గితే వైద్యులు జాగ్రత్తగా గమనిస్తారు, అంతకు మించితే పాలు పట్టడంలో ఎక్కడో లోపముందని వెతుకుతారు. తగ్గిన బరువు 10 నుంచి 14 రోజుల్లో తిరిగి రావాలి. ఆ తర్వాత మొదటి మూడు నెలలు రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు, అంటే వారానికి 150 నుంచి 200 గ్రాములు పెరగాలి. తూచేటప్పుడు ఒకే కాటా, బట్టలు డైపరు లేకుండా, వీలైతే రోజులో ఒకే వేళకు. వేరే వేరే కాటాల మీద తూచి 100 గ్రాములు తగ్గాడని కంగారుపడేవాళ్లే ఎక్కువ.

పాలు చాలుతున్నాయా అన్నది డైపర్లు చెబుతాయి. ఐదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరుసార్లు బాగా తడవాలి, మూత్రం లేత రంగులో ఉండాలి. మొదటి నెలలో పసుపురంగు పలుచటి విరేచనం రోజుకు మూడు నాలుగుసార్లు అవుతుంటే మంచిది. నెల దాటాక తల్లిపాలు తాగే పిల్లలు కొందరు రోజుల తరబడి వెళ్లకపోవచ్చు, కాబట్టి ఆ లెక్క మొదటి నెలకే.

ఇక పట్టు. పట్టిన మొదటి కొన్ని సెకన్లు లాగినట్టు అనిపించడం వేరు, తాగినంతసేపూ నొప్పి వేరు. బిడ్డ వదిలిన వెంటనే చనుమొనను చూడండి. గుండ్రంగా, ముందున్నట్టే ఉంటే పట్టు బాగుంది. ఒకవైపు ఏటవాలుగా అణిగి, కొస తెల్లబడి ఉంటే బిడ్డ లోతుగా పట్టడం లేదు. ఆ తేడా సరిచేసేదాకా పీక జోలికి వెళ్లొద్దు.

కామెర్లున్న బిడ్డ, తాగడానికి లేపాల్సి వచ్చేంత మత్తుగా ఉండే బిడ్డ, నెలలు నిండకుండా పుట్టి ఇంటికొచ్చిన బిడ్డ, నాలుక కింది తాడు బిగుతుగా ఉన్న బిడ్డ, తల్లికి పాలు తక్కువగా ఉన్నాయని అనుమానమున్న చోటా పీకను వాయిదా వేయాలి. కామెర్లు తగ్గడానికి బిడ్డ తరచుగా తాగి విరేచనం అవుతుండటం ముఖ్యం. పీక సరిగ్గా దానికే అడ్డం వస్తుంది.

దీనికి మినహాయింపులున్నాయి. నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో, ట్యూబు ద్వారా పాలు పోస్తున్న నెలలు నిండని పిల్లలకు వైద్యులే పీక ఇస్తారు. చీకే అలవాటు తప్పిపోకుండా, ట్యూబు నుంచి నోటితో తాగడానికి త్వరగా మారడానికి అది పనికొస్తుంది. మడమ నుంచి రక్తం తీసేటప్పుడు, సూది వేసేటప్పుడు నొప్పి తగ్గించడానికి కూడా ఇస్తారు, అయితే ఆ సమయంలో రొమ్ము పట్టించే వీలుంటే అదే మెరుగు. ఆస్పత్రిలో ఇచ్చారు కదా అని ఇంటికొచ్చాక మొదటి వారం నుంచే కొనసాగించనక్కర్లేదు.

ఎలాంటిది కొనాలి

నోట్లోకి పోయే భాగం, బయటి బిళ్ల, పట్టుకునే రింగు, మూడూ విడివిడి ముక్కలుగా ఊడిరాకుండా ఒకే అచ్చులో పోసినట్టుండేది మంచిది. బిళ్ల బిడ్డ నోటికంటే వెడల్పుగా, అంటే కనీసం 4 సెంటీమీటర్ల దాకా ఉండాలి, లేకపోతే మొత్తంగా నోట్లోకి పోయే ప్రమాదముంది. బిళ్లకు గాలి ఆడటానికి కనీసం రెండు రంధ్రాలుండాలి. బిళ్ల ముక్కును మూయకూడదు. వయసు ప్యాకెట్ మీద ఉంటుంది: 0–2, 0–3, 0–6 నెలలు అని. ఆరు నెలల పైబడినవాళ్లది పసిబిడ్డకు పెడితే కొస గొంతుదాకా వెళ్లి డోకు వస్తుంది.

సిలికాన్‌ది పారదర్శకంగా, కాస్త గట్టిగా ఉంటుంది, ఎన్నిసార్లు మరిగించినా తట్టుకుంటుంది, వాసన పట్టదు. రబ్బరుది గోధుమరంగులో మెత్తగా ఉంటుంది కానీ వేడికీ ఎండకూ త్వరగా జిగటగా మారుతుంది, కొందరికి రబ్బరు అలర్జీ ఉంటుంది. పుట్టిన బిడ్డకు సిలికాన్‌దే తేలిక. ఆకారం విషయంలో గుండ్రటిది, చదునుది, రొమ్ములాంటిది అని డబ్బాల మీద ఎన్నో రాస్తారు. రొమ్ములాంటిదన్న మాటకు ఎక్కువ విలువ ఇవ్వకండి. రొమ్ము నోట్లో సాగుతుంది, పాలిస్తుంది. ఏ పీకా ఆ రెండూ చేయదు. బిడ్డ ఏది ఉమ్మేయకుండా పట్టుకుంటే అదే సరైన ఆకారం. ఒకేసారి అరడజను కొనకుండా ముందు రెండు రకాలు ఒక్కొక్కటి తెచ్చి చూడండి.

పాలసీసా నిపుల్‌లో దూది కుక్కి పీకగా చేసి ఇవ్వడం చాలా ప్రమాదం. చీకుతుండగానే నిపుల్ ఊడి గొంతుకు అడ్డం పడుతుంది.

మరిగించడం, దాచడం

కొత్తది వాడేముందు పీక పూర్తిగా మునిగేలా నీళ్లు పోసి, నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఐదు నిమిషాలు మరిగించండి. గిన్నె అడుగుకు తగిలి కాలకుండా నీళ్లు ఎక్కువే ఉండాలి. తీశాక నోట్లోకి పోయే భాగాన్ని కడిగిన చేత్తో గట్టిగా నొక్కండి. మొదటిసారి మరిగించినప్పుడు లోపలికి నీళ్లు చేరడం మామూలే, బయటికి చూస్తే చల్లారినట్టుంటుంది గానీ లోపలి నీళ్లు ఇంకా కాలుతుంటాయి. నొక్కి ఆ నీళ్లు బయటికి పోగొట్టి, పూర్తిగా చల్లారాకే ఇవ్వాలి. ఆరు నెలలు నిండేవరకు రోజుకొకసారి ఇలా మరిగించడం, మధ్యలో కిందపడితే వేడినీళ్లూ సబ్బుతో కడగడం సరిపోతుంది. మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో, తడి ఆరాక దాచండి. తడితో మూసిపెడితే బూజు పడుతుంది.

కిందపడినదాన్ని పెద్దవాళ్లు తమ నోట్లో పెట్టుకుని చప్పరించి బిడ్డకు ఇవ్వడం మానాలి. పెద్దవాళ్ల నోటిలోని పళ్లు పుచ్చే సూక్ష్మజీవులు అలాగే బిడ్డకు చేరతాయి.

వాడే ప్రతిసారీ ముందు, రింగును ఒక చేత్తో, నోటి భాగాన్ని మరో చేత్తో పట్టి అన్నివైపులకూ గట్టిగా లాగి చూడండి. చీలిక, జిగట, రంగు మారడం, ఉబ్బడం, ఇందులో ఏది కనిపించినా పారేయాలి. బాగున్నట్టే కనిపించినా నెల రెండు నెలలకొకసారి కొత్తది మార్చండి. పళ్లు వచ్చే వేళకు ఈ పరీక్ష ఇంకా ముఖ్యం, కొరికిన సిలికాన్ ముక్కగా తెగివస్తుంది.

ఇచ్చే పద్ధతి

ముందు పాలు. రెండు రొమ్ములూ ఇచ్చి చూశాక, త్రేన్పు తెప్పించాక, డైపర్ చూశాక కూడా బిడ్డ చీకడానికి ఏదో కావాలని వెతుకుతుంటే అప్పుడు పీక. తాగి అరగంట కూడా కాలేదు, కడుపు నిండుగా ఉంది, కానీ నోరు ఊరుకోవడం లేదు, అదే సరైన వేళ. తల్లికి పాలు మరీ ఎక్కువై, చేపు (రొమ్ములోకి పాలు ఒక్కసారిగా దిగడం) బలంగా వచ్చే ఇళ్లలో పీక నిజంగా పనికొస్తుంది. అక్కడ బిడ్డకు ఊరట కోసం చీకాలని ఉంటుంది, రొమ్ము పట్టిస్తే మాత్రం పాలు ధారగా వచ్చిపడతాయి, తాగినదంతా కక్కేస్తాడు.

ఒళ్లో కాస్త ఏటవాలుగా పడుకోబెట్టుకోండి. గుక్కపట్టి ఏడుస్తున్న నోట్లో కుక్కొద్దు. ముందు భుజాన వేసుకుని ఊపి, కొంచెం స్థిమితపడనివ్వండి. పీక కొసతో కింది పెదవి మధ్యలో మెల్లగా తాకించి ఆగండి. ఇష్టమైతే నోరు తెరిచి నాలుక ముందుకు తెస్తాడు, అప్పుడు నాలుక మీదుగా పెట్టి వదిలేయండి, మిగతాది తనే లోపలికి లాక్కుంటాడు. నాలుక కింద చేరితే పనిచేయదు. నాలుగైదు సార్లు చీకాక బయటికి ఉమ్మేయబోతే, రింగును పట్టుకుని అతి మెల్లగా మీవైపు లాగినట్టు చేయండి. పోతోందనిపించి చాలామంది బిడ్డలు ఇంకా గట్టిగా పట్టుకుంటారు. రెండుసార్లు ప్రయత్నించినా ఉమ్మేస్తే ఆ పూటకు వదిలేయండి. కొందరు పిల్లలు ఎప్పటికీ పీక తీసుకోరు, దానివల్ల లోటేమీ లేదు.

మొదట్లో ఒకసారికి 10, 15 నిమిషాలు చాలు. కళ్లు మూసుకుని చీకడం తగ్గిందంటే మెల్లగా తీసేయొచ్చు. రోజంతా నోట్లో ఉంటే బిడ్డ ఆకలిగా ఉన్నాడో లేదో మీకు తెలిసే దారి మూసుకుపోతుంది.

ఆకలా, ఊరటా

దీన్ని గుర్తుపట్టడం వస్తే మిగతాదంతా వచ్చినట్టే. ఆకలి మొదలైనప్పుడు బిడ్డ ఏడవడు. నిద్రలోనే కదులుతాడు, నోరు తెరిచి మూస్తాడు, తల పక్కకు తిప్పి చెంపకు తగిలినదాని వైపు నోరు సాచుతాడు. కాసేపటికి పిడికిలి నోటి దగ్గరికి పోతుంది, ఒళ్లు విరుస్తాడు. మొహం ఎర్రబడి ఏడవడం చివరి మెట్టు. అక్కడిదాకా వచ్చిన బిడ్డ రొమ్ము సరిగ్గా పట్టలేడు కూడా. మొదటి రెండు మెట్లలో ఏది కనిపించినా చేతిలో ఉండాల్సింది రొమ్ము. తాగి ఎంతసేపైందన్నది అక్కడ లెక్కలోకి రాదు.

రొమ్ము దగ్గర పాలు వస్తున్నాయో లేదో గడ్డం చెబుతుంది. మొదట గబగబా, సెకనుకు రెండుసార్లు చొప్పున చిన్నగా చీకుతాడు, అది చేపు తెప్పించడానికి. పాలు దిగాక వేగం తగ్గి, సెకనుకు ఒకటి చొప్పున లోతుగా సాగుతుంది. నోరు పెద్దగా తెరుచుకున్న చోట గడ్డం ఒక్క క్షణం కిందికి దిగి ఆగుతుంది, ఆ ఆగడంలోనే గుటక. ఆ గుటకలు తగ్గి మళ్లీ గబగబా చీకడమే మిగిలితే, రొమ్మును మెల్లగా నొక్కి పట్టండి, లేదా రెండో వైపు మార్చండి. రెండువైపులా అయ్యాక కూడా గుటక లేకుండా చీకుతూ, చేతులు వదులుగా వాలిపోయి ఉంటే కడుపు నిండింది, చీకడం ఊరట కోసమే.

పీక నోట్లో పెట్టాక కూడా ఇదే తెలుస్తుంది. కడుపు నిండిన బిడ్డ నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగుతూ చీకి వదులవుతాడు. ఆకలిగా ఉన్నవాడు రెండు మూడు నిమిషాలు ఆత్రంగా చీకి, పాలు రావడం లేదని తెలియగానే ఉమ్మేసి ముందుకంటే గట్టిగా ఏడుస్తాడు. అప్పుడు పీకను మళ్లీ మళ్లీ పెట్టి చూడటం కంటే రొమ్ము ఇవ్వడమే పని.

సాయంత్రాల సంగతి వేరే చెప్పాలి. మొదటి ఆరేడు వారాల్లో చాలామంది పిల్లలు సాయంత్రం నుంచి రాత్రి దాకా అరగంటకొకసారి తాగుతారు. రెండు మూడు వారాల వయసులో, మళ్లీ ఆరు వారాలప్పుడు రెండు మూడు రోజులపాటు పగలూ రాత్రీ ఇలాగే ఉంటుంది. పాలు చాలడం లేదేమోనని అందరూ అనుమానించేది ఈ రోజుల్లోనే, పీక చేతికందేదీ ఈ రోజుల్లోనే. ఆ రెండు మూడు రోజులు పీకను కనిపించని చోట పెట్టేయండి. ఆ తాగుడుకే పాలు పెరుగుతాయి. తల్లికి ఊపిరి తీసుకోవాలంటే, తాగిన బిడ్డను ఇంట్లో ఇంకొకరు ఛాతీకి ఆనించుకుని నడిపిస్తే పీక కంటే బాగా పనిచేస్తుంది.

నిద్ర

పీక వైపు మొగ్గే గట్టి కారణం ఒకటుంది. నిద్రపుచ్చేటప్పుడు పీక ఇచ్చిన పిల్లల్లో, నిద్రలో హఠాత్తుగా సంభవించే శిశుమరణం (సిడ్స్) తక్కువని చాలా పరిశీలనల్లో తేలింది. ఎందుకన్నది పూర్తిగా తెలియదు. నిద్రలో పీక జారిపోయినా ఆ రక్షణ ఉంటుందని గమనించారు, అందుకే పడిపోయినదాన్ని మళ్లీ పెట్టనక్కర్లేదు. తల్లిపాలు కూడా అదే ముప్పును తగ్గిస్తాయి కాబట్టి, తల్లిపాలు తాగే బిడ్డకు పాలు కుదురుకునేదాకా పీక కోసం తొందరపడాల్సిన పని లేదు. వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండ్లూ మెత్తటి బొమ్మలూ లేకుండా పడుకోబెట్టడం అన్నిటికంటే ముందు. పీక దానికి బదులు కాదు.

నిద్రలో పీకకు తాడు, క్లిప్పు, వేలాడే బొమ్మ ఏవీ ఉండకూడదు. మెలకువగా ఉన్నప్పుడు క్లిప్పు వాడినా అది పొట్టిగా ఉండాలి. ఐరోపా ప్రమాణం 22 సెంటీమీటర్లకు మించొద్దంటుంది. మెడలో దండలా వేయడం, ఉయ్యాలకు కట్టడం ఎప్పుడూ వద్దు.

రాత్రిపూట తాగే పాలను పీకతో ఎగ్గొట్టడం మొదలుపెడితే పాలు తగ్గడమే కాక, ఇంకో విషయం కూడా చాలామంది లెక్కలోకి తీసుకోరు. తల్లిపాలనే గర్భనిరోధకంగా నమ్ముకున్నవాళ్లకు నియమాలు మూడు: బిడ్డ వయసు ఆరు నెలల లోపు, నెలసరి తిరిగి రాకపోవడం, తల్లిపాలు తప్ప వేరేదేదీ ఇవ్వకుండా, పగలు నాలుగు గంటలకు, రాత్రి ఆరు గంటలకు మించి ఎడం రాకుండా రొమ్ము పట్టించడం. పీకతో ఎడం పెరిగితే ఈ మూడోది తెగిపోతుంది.

తేనె, పంచదార

పీకను తేనెలో, పంచదార నీళ్లలో ముంచి ఇవ్వకూడదు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో తేనెలోని బొట్యులిజం బీజాలు మొలకెత్తి విషం పుట్టిస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. 2018లో అమెరికాలోని టెక్సాస్‌లో తేనె నింపిన పీకలు వాడిన నలుగురు పసివాళ్లు ఇలాగే ఆస్పత్రి పాలయ్యారు. కాచినా ఆ బీజాలు చావవు. పంచదార అయితే వచ్చే పళ్లను ముందే పాడుచేస్తుంది.

తేడా వస్తే

పీక మొదలుపెట్టిన వారానికి ఒకసారి తూచండి. ఆ వారం 150 గ్రాములకంటే బాగా తక్కువ పెరిగినా, తడిసే డైపర్లు ఆరుకంటే తగ్గినా, పాలు తాగే సార్లు ఎనిమిదికంటే తగ్గినా పీక పక్కన పెట్టి, రెండు మూడు గంటలకొకసారి రొమ్ము ఇస్తూ నాలుగైదు రోజులు చూడండి, ఆ వారంలోనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. మత్తుగా పడి ఉండి లేపినా తాగకపోతే ఆగకుండా ఆ రోజే వెళ్లాలి.

బిడ్డ రొమ్ము దగ్గర చిన్న నోరుతో వచ్చి కొసనే చప్పరించడం, విసుక్కుని వదిలేయడం మొదలైతే కూడా పీక ఆపాల్సిందే. బట్టలు లేకుండా తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి, తల్లి వెనక్కి వాలి, బిడ్డ తనంతట తానే వెతుక్కుని పట్టేలా రోజుకు రెండు మూడుసార్లు కుదిర్చితే మామూలుగా కొద్ది రోజుల్లో పట్టు తిరిగి వస్తుంది. రొమ్ములు గట్టిపడి బిగుసుకున్నప్పుడు బిడ్డకు పట్టు దొరకదు, ముందు చేత్తో కొన్ని పాలు పిండి మెత్తబడనివ్వండి. పీక పెట్టి తల్లిని విశ్రాంతి తీసుకోమంటే ఆ బిగువు ఇంకా పెరుగుతుంది.

బిడ్డ నాలుక మీద, చెంపల లోపల తుడిచినా పోని తెల్లటి పూత, తల్లికి తాగాక చనుమొనల్లో మంట ఉంటే ఫంగస్ అయ్యుండొచ్చు. డాక్టర్ ఇద్దరికీ ఒకేసారి మందిస్తారు. మందు వాడినన్నాళ్లూ పీకను రోజూ మరిగించండి, కోర్సు అయ్యాక పారేసి కొత్తది తెచ్చుకోండి. లేకపోతే దాని నుంచే మళ్లీ అంటుకుంటుంది. బిళ్ల కింద ఎర్రగా దద్దురు కనిపిస్తే ఉమ్ము తడి నిలిచి ఒరుసుకున్నదే. తుడిచి పొడిగా ఉంచి, పీక సమయం తగ్గిస్తే పోతుంది.

మూడు నాలుగు నెలల వయసులో ఇంకో ఇబ్బంది మొదలవుతుంది. పీక జారినప్పుడల్లా లేచి ఏడుస్తాడు, తిరిగి తనే పెట్టుకోవడం ఏడెనిమిది నెలల దాకా రాదు. రాత్రికి నాలుగుసార్లు లేచి పీక వెతకాల్సి వస్తుంటే, పీకతో పూర్తిగా నిద్రపుచ్చకుండా కళ్లు వాలుతుండగా తీసేయడం మొదలుపెట్టండి. ఏడిస్తే మళ్లీ ఇచ్చి, రెండు నిమిషాల్లో మళ్లీ తీయండి.

ఆరు నెలల తర్వాత పీక వాడే పిల్లల్లో చెవి పోటు, చెవి ఇన్ఫెక్షన్లు ఎక్కువని తేలింది కాబట్టి, అక్కడి నుంచి నిద్రవేళకే పరిమితం చేయడం మంచిది. ఆరు నెలలకూ ఏడాదికీ మధ్య మాన్పించడం తేలిక, ఆ వయసులో రెండు మూడు రాత్రుల గొడవతో పోతుంది. ముందు పగటిపూట, తర్వాత మధ్యాహ్నం నిద్రకు, చివర్లో రాత్రికి తీసేయండి. రెండేళ్లు దాటితే బిడ్డ తనంతట అడిగి తెచ్చుకునే వస్తువవుతుంది, ముందు పళ్లు ఎత్తుగా రావడం, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య సందు ఏర్పడటం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.